నైట్ డ్యూటీ దిగి పగలు పడుకుంటే సోమరితనమా?

ప్రశ్న అడిగిన బాబు రాసింది క్లుప్తంగా ఇది. వయసు 36. ఒడిశాలోని రాయగడ దగ్గర ఫ్యాక్టరీలో వారానికోసారి మారే షిఫ్టు ఉద్యోగం. సి షిఫ్టు వారంలో రాత్రి 10కి ఎక్కి ఉదయం 6కి దిగుతారు. ఇంటికొచ్చి నాలుగు గంటలు, మహా అయితే ఐదు గంటలు పడుకుంటారు. అదే పని 30 ఏళ్ళు చేసి రిటైరైన నాన్నగారు "మా రోజుల్లో ఈ నిద్ర గొడవ లేదు" అంటారు. భార్య గురక గురించి విసుక్కుంటోంది. కిందటి వారం ఇంటికొస్తుంటే బండి మీద ఒక్క క్షణం కళ్ళు మూతపడ్డాయి. చివర్లో అడిగింది ఇది: "మన తెలుగువాళ్ళకి తక్కువ నిద్ర చాలు, ఇక్కడివాళ్ళలా మధ్యాహ్నం పడుకునే అలవాటు మనకు లేదు అని ఇంట్లో అందరూ అంటారు. నిజంగా అలా ఉంటుందా? లోపం నాలోనే ఉందా?"

నేను డాక్టరును కాను. పర్లాకిమిడిలో పుట్టి, బరంపురంలో నర్సింగ్ చదివి, 31 ఏళ్ళు ఈ సరిహద్దు జిల్లాల్లోనే పనిచేసి రిటైరయ్యాను. చివరి పదకొండేళ్ళు ఒక ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో. అక్కడ నా దగ్గరికి వచ్చినవాళ్ళలో సగం మంది కడుపు మంట అనో తలనొప్పి అనో చెప్పేవారు, కాసేపు మాట్లాడిస్తే నిద్ర సంగతి బయటపడేది.

ముందు సూటిగా జవాబు. తక్కువ నిద్రతో సరిపెట్టుకునే జాతి అంటూ ఏదీ లేదు. మీకు ఆ నాలుగైదు గంటలు చాలడం లేదు, బండి మీద కళ్ళు మూతపడటమే సాక్ష్యం. గురకను డాక్టరుకు చూపించుకోవాల్సిందే. మీరు అడగనిది ఇంకొకటి ఉంది. మీ పగటి నిద్రకు మీ ఇంట్లో గౌరవమైన పేరు లేదు. పేరు లేని నిద్రను ఎవరైనా వచ్చి లేపేస్తారు. నేనైతే ముందు దాన్ని సరిచేయమంటాను. పరుపులూ కర్టెన్లూ ఆ తర్వాత.

మీ నాన్నగారితో మొదలుపెడదాం. ఆయన అబద్ధం చెప్పడం లేదు. డిస్పెన్సరీలో ఇలాంటి పెద్దలను కూర్చోబెట్టి అడగడం నాకు అలవాటు. "డ్యూటీ దిగాక ఏం చేసేవారు బాబాయ్?" అంటే ఒకాయన ఇలా చెప్పాడు. "ఏముందమ్మా, స్నానం చేసి, చద్దన్నం తిని, వేపచెట్టు కింద నులకమంచం మీద కాస్త నడుం వాల్చేవాణ్ణి." ఎంతసేపు? "ఎండ మంచం మీదికి వచ్చేదాకా." అంటే ఏడున్నరకు వాల్చిన నడుం పదకొండున్నరకు లేచేది. సాయంత్రం డ్యూటీకి వెళ్ళే ముందు? "కాస్త ఒరిగేవాణ్ణి." రాత్రి మూడింటికి? నవ్వాడు. "బస్తాల వెనక కళ్ళు మూసుకునేవాణ్ణంతే, నిద్ర కాదమ్మా." అన్నీ కాగితం మీద కూడితే ఆరు గంటల పైచిలుకు. ఆయన లెక్కలో మాత్రం అందులో ఒక్క గంట కూడా నిద్ర కాదు.

మన భాషలో ఈ సదుపాయం ఉంది చూశారా. నడుం వాల్చడం, ఒరగడం, కునుకు తీయడం, కళ్ళు మూసుకోవడం, వీటిలో దేనికీ పరువు పోదు. పట్టపగలు "పడుకున్నాడు" అంటేనే తప్పు. మీ నాన్నగారి తరం మగవాళ్ళు నిద్రపోయారు, దాన్ని నిద్ర అని పిలవలేదంతే. మీకేమో వేపచెట్టు లేదు. రెండు గదుల ఇల్లు, పైన కాలిపోయే శ్లాబు, తలదగ్గర ఫోను, గేటు దగ్గర గ్యాస్ బండి కుర్రాడు. తలుపేసుకుని, లైటార్పి, బాహాటంగా పడుకుంటే తప్ప మీకు నిద్ర దొరకదు. అలా చేస్తే చూసేవాళ్ళకి అది సోమరితనంలా కనిపిస్తుంది.

ఇంకో సంగతి. షిఫ్టులను తట్టుకోలేనివాళ్ళు ఆ రోజుల్లోనూ ఉన్నారు. ఎవరినో బతిమాలి జనరల్ షిఫ్టుకు మారినవాళ్ళు, ఉద్యోగం వదిలి పొలానికి పోయినవాళ్ళు. వాళ్ళెవరూ మీ అరుగు మీద కూర్చుని పాత రోజుల గొప్పలు చెప్పరు కదా. మనకు వినిపించేది నిలబడినవాళ్ళ మాట ఒక్కటే.

పుట్టుకతోనే తక్కువ నిద్ర చాలేవాళ్ళు లోకంలో లేకపోలేదు. 2009లో అమెరికా శాస్త్రవేత్తలు ఒక కుటుంబంలో దానికి కారణమైన జన్యువు తేడాను పట్టుకున్నారు. కానీ అది చాలా అరుదు. అలాంటివాళ్ళు సెలవు రోజున కూడా అంతే పడుకుని హుషారుగా లేస్తారు. మీరు సెలవు రోజున తొమ్మిది గంటలు పడుకుంటున్నానని రాశారు. అది బాకీ తీర్చుకోవడం. 18 నుంచి 60 ఏళ్ళవాళ్ళకి రోజుకు ఏడు గంటలకు తగ్గకూడదన్నది 2015లో అక్కడి నిద్ర వైద్యుల సంఘాలు కలిసి చెప్పిన మాట.

"నాకు అలవాటైపోయింది" అనే మాట ఉంది చూడండి, అదే అన్నిటికంటే ప్రమాదం. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంవాళ్ళు 2003లో ఒక ప్రయోగం ప్రచురించారు. ఆరోగ్యంగా ఉన్న మనుషులను రెండు వారాలపాటు రోజూ నాలుగు, ఆరు, ఎనిమిది గంటల చొప్పున పడుకోనిచ్చారు. ఆరు, అంతకన్నా తక్కువ గంటలు పడుకున్నవాళ్ళ చురుకుదనం రోజురోజుకీ పడిపోతూ, చివరికి ఒకట్రెండు రాత్రులు అసలు నిద్రపోని మనిషి స్థాయికి దిగింది. కానీ వాళ్ళను అడిగితే "కొంచెం మత్తుగా ఉంది, ఫర్వాలేదు" అన్నారట. ఎంత చెడిపోయామో తెలుసుకునే తెలివే ముందు మొద్దుబారుతుంది.

ఇక "మన తెలుగువాళ్ళకి" అన్న మాట. ఇది నేను చిన్నప్పటి నుంచీ వింటున్నదే. రాయగడలో గానీ గుణుపురంలో గానీ మధ్యాహ్నం ఒంటిగంట దాటితే బజారులో చాలా షట్టర్లు దిగుతాయి, నాలుగింటికి మళ్ళీ లేస్తాయి. ఎండాకాలం ఒడియా ఇళ్ళల్లో పఖాళ (నీళ్ళలో నానబెట్టిన అన్నం) తిని పడుకోవడానికి ఎవరూ సిగ్గుపడరు. పఖాళకు మార్చి 20న ఏకంగా ఒక పండుగే చేసుకుంటారు. మన వ్యాపారుల ఇళ్ళల్లో మాట వేరు. "వాళ్ళు మూసినప్పుడు మనం తెరుస్తాం, అందుకే నిలబడ్డాం." నాకు ఆ మాట మీద కోపం లేదు. వేరే భాష రాష్ట్రంలో ఉన్నవాళ్ళకి "కష్టపడతారు" అన్న పేరే పెట్టుబడి. దాన్ని ఎవరు పోగొట్టుకుంటారు?

కానీ ఒక్కటి గమనించండి. ఇక్కడి నుంచి నాలుగు గంటలు ప్రయాణం చేసి శ్రీకాకుళం జిల్లాలో మా పెదనాన్నగారి ఊరికి వెళ్తే, మే నెల మధ్యాహ్నం ఊరంతా అరుగుల మీద నిద్ర. మా పెదనాన్న గురకకు పక్కింటి కోడి కూడా బెదిరేది. ఆయనా తెలుగువాడే. అక్కడ ఎవరితోనూ పోల్చుకోవాల్సిన పని లేదు కాబట్టి హాయిగా పడుకున్నాడు. కాబట్టి మధ్యాహ్నం పడుకోకపోవడం తెలుగు గుణం కాదు, సరిహద్దులో అలవాటైన గుణం. మధ్యాహ్నం రెండు, మూడు గంటల వేళ కళ్ళు బరువెక్కడం ఏ భాషవాడికైనా ఒకటే. ఒంట్లోని గడియారమే ఆ వేళ కాస్త జారుతుంది, పఖాళ తిన్నా చపాతీ తిన్నా.

సమాజంలో మన స్థానం నిద్రలోకి ఇలా దూరడం ఇక్కడొక్కచోటే కాదు. అమెరికాలో నల్లజాతివారు సగటున తెల్లవారికంటే తక్కువ నిద్రపోతున్నారని, వివక్షకు గురవుతున్నామని చెప్పేవాళ్ళలో నిద్ర ఇంకా చెడుతోందని చాలా పరిశోధనల్లో తేలింది. పని వేళలు, ఇరుకు ఇళ్ళు, ఎప్పుడూ ఒక చెవి తెరిచి ఉంచుకోవాల్సిన బతుకు, ఇవన్నీ దానికి కారణాలే.

బజారులో ఒక బట్టల షాపు యజమాని సంగతి చెప్తాను. మనవాడే. యాభై దాటిన మనిషి, "నలభై ఏళ్ళలో ఒక్క మధ్యాహ్నం షట్టరు దించలేదు" అని గొప్పగా చెప్పేవాడు. గొప్పే. కానీ గల్లాపెట్టె దగ్గర కూర్చుని కస్టమరు చిల్లర కోసం చెయ్యి చాపుతుండగానే కునికేవాడు. బీపీకి మూడు మాత్రలు వేసినా దిగేది కాదు. భార్యను విడిగా పిలిచి గురక గురించి అడిగితే నవ్వేసింది. "ఆయన గురకకు మా ఇంటికి దొంగలు రారు సిస్టరమ్మా." గురక అంటే గాఢనిద్ర అని, మగాడన్నాక గురక ఉంటుందని మనవాళ్ళ నమ్మకం. "మధ్యలో గురక ఆగిపోతుందా?" అన్నాను. నవ్వు తగ్గింది. "ఆగుతుంది. నేను లెక్కపెడతాను. ఇరవై దాకా లెక్కపెట్టాక గుటుక్కుమని లేచి మళ్ళీ మొదలుపెడతాడు." ఎన్నేళ్ళుగా లెక్కపెడుతోందో ఆమె. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

అది స్లీప్ ఆప్నియా. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది, రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. రాత్రికి వందల సార్లు జరగొచ్చు, మనిషికి గుర్తుండదు. ఎనిమిది గంటలు పడుకున్నా నిద్ర పోనట్టే. విశాఖ తీసుకెళ్ళి పరీక్ష చేయించారు, సీప్యాప్ మెషీన్ రాశారు. ముక్కుకు మాస్కు తగిలించి గాలిని ఒత్తిడితో పంపే యంత్రం అది, దాని గురించి మొదట ప్రచురించింది 1981లో. రెండు నెలలు అటక మీద పెట్టాడు. "మనవడు చూస్తే వినాయకుడు అంటాడు." చివరికి ఆ మనవడే "తాతా, ఏనుగు తాతలా ఉన్నావు, పెట్టుకో" అని ముచ్చటపడితే పెట్టుకున్నాడు. మూడు వారాలకు వచ్చి, "సిస్టరమ్మా, మధ్యాహ్నం నిద్ర రావట్లేదు" అన్నాడు. నలభై ఏళ్ళుగా తాను చేస్తున్నాననుకున్న పని, పగలు మెలకువగా ఉండటం, అప్పుడు మొదలైంది.

కాబట్టి మీకు: గురకలో ఊపిరి ఆగడం, ఉలిక్కిపడి లేవడం, పగలు కునికిపాట్లు, బీపీ, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటడం. వీటిలో మూడు ఉంటే ఆగకండి, ఛాతీ వైద్యుడికో ఈఎన్‌టీకో చూపించుకోండి. వెళ్ళేటప్పుడు మీ ఆవిడను తీసుకెళ్ళండి. మీ గురకకు సాక్షి ఆవిడే. లేదా ఒక రాత్రి పది నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేయమనండి. మీ ప్రశ్నలో ఆవిడ "విసుక్కుంటోంది" అని రాశారు. విసుగుతో పాటు భయం కూడా ఉందేమో అడిగారా?

ఆవిడ మాట వచ్చింది కాబట్టి చెప్తాను. కొత్తగా వచ్చిన ఎవరినైనా నేను రెండు ప్రశ్నలు అడిగేదాన్ని. మీ ఇంట్లో రాత్రి ఆఖరున లైటార్పేది ఎవరు? ఉదయం ముందు లేచేది ఎవరు? రెండింటికీ జవాబు ఒకే మనిషైతే, ఆ ఇంట్లో రోగి వచ్చినవాడు కాదు, రానిది. ఆ మనిషి దాదాపు ఎప్పుడూ కోడలే. మన కథల్లో హాయిగా నిద్రపోయిన ఆడది ఊర్మిళ ఒక్కతే, పద్నాలుగేళ్ళు. అది కూడా మొగుడి వాటా నిద్ర.

నా కథే చెప్తాను. పెళ్ళయిన కొత్తలో వార్డులో నైట్ డ్యూటీ చేసి ఏడున్నరకు ఇంటికొచ్చేదాన్ని. మా అత్తగారు చెడ్డమనిషి కాదు. ఒక్కసారి కూడా పడుకోవద్దు అనలేదు. నేను గదిలోకి వెళ్ళగానే గిన్నెల చప్పుడు కాస్త పెరిగేది, అంతే. పక్కింటావిడ వస్తే "మా కోడలు పడుకుంది" అని ఆ "పడుకుంది" మీద ఒక దీర్ఘం. ఆ దీర్ఘం వినలేక నేనే ఒక ఏర్పాటు చేసుకున్నాను. వీధి గుమ్మానికి బయట తాళం వేసి, పెరటి దారిన లోపలికి వచ్చి పడుకునేదాన్ని. ఇంట్లో ఎవరూ లేరనుకుని జనం వెళ్ళిపోవాలని. తర్వాత తెలిసింది, క్వార్టర్స్‌లో ఇలా తాళం వెనక పడుకునేవాళ్ళు చాలామందే ఉన్నారని. అగ్గి అంటుకుంటే ఏం చేసేవాళ్ళమో! అయినా ఆ తాళం వెనక కూడా నిద్ర రెండు గంటలే, బట్టలు ఆరేయాలి, వంట చూడాలి.

అలాంటి ఒక వారంలో ఐదో రాత్రి. తెల్లవారుజామున ఆరు గంటల ఇన్సులిన్లు ఇస్తున్నాను. సిరంజి నింపి, నాలుగో బెడ్డు ముసలాయన చొక్కా పైకెత్తాను. ఆయన నా చెయ్యి పట్టుకుని "ఇందాకే ఇచ్చావు కదమ్మా" అన్నాడు. చార్టులో నా సంతకం ఉంది, పది నిమిషాల కిందటిది. చేసిన గుర్తు లేదు. ఆయన మేలుకుని ఉండబట్టి సరిపోయింది. ఆ రోజు ఇంటికొచ్చి మా అత్తగారికి జరిగింది చెప్పాను. ఆవిడ ఏమీ మాట్లాడలేదు. మర్నాడు వీధి గుమ్మానికి తాళం వేయబోతుంటే తాళంచెవి తీసేసుకుంది. "నేనున్నాగా, ఎవరొస్తే వాళ్ళకి చెప్తాను" అంది.

పెద్దవాళ్ళు "పగటి నిద్ర పనికి చేటు, లక్ష్మి నిలవదు" అంటే వాళ్ళతో సైన్సు మాట్లాడకండి, లాభం లేదు. వాళ్ళ పుస్తకాల్లోంచే చెప్పండి. అష్టాంగ హృదయంలో వాగ్భటుడు మామూలు మనిషికి పగటి నిద్ర ఎండాకాలం తప్ప వద్దనే అన్నాడు. కానీ అలవాటు లేకుండా రాత్రి మేలుకోవాల్సి వస్తే, మేలుకున్న కాలంలో సగం ఉదయాన్నే, ఏమీ తినకముందు పడుకోమన్నాడు. చరకుడైతే నిద్రను ఆహారంతో సమానంగా శరీరాన్ని నిలబెట్టే మూడు ఊతకర్రల్లో ఒకటిగా లెక్కపెట్టాడు. నేను ఆయుర్వేదం నర్సును కాను. కానీ ఈ ఒక్క మాట నాకు ఎన్ని ఇళ్ళల్లో పనికొచ్చిందో!

ఇక మీరు చేయాల్సినవి. అన్నీ ఒకేసారి వద్దు.

బండి. ఇది ఈ వారమే. మధ్యాహ్నం పన్నెండింటికి లేచిన మనిషి మర్నాడు ఉదయం ఆరింటికి 18 గంటలు మేలుకుని ఉన్నట్టు. 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం, రక్తంలో 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవాడితో సమానమని 1997లో ఆస్ట్రేలియాలో కొలిచారు. మన మోటారు వాహనాల చట్టంలో హద్దు 30. అంటే చుక్క ముట్టకుండానే మీరు తాగి నడుపుతున్నట్టు. సి షిఫ్టు వారమంతా బస్సులోనో, నిద్ర తీరినవాడి బండి వెనకో రండి. కుదరకపోతే దిగగానే ఎక్కడైనా బెంచీ మీద 20 నిమిషాలు కునుకు తీసి, మొహం కడుక్కుని, మత్తు వదిలాక బండి తీయండి. ఫోన్‌లో అలారం పెట్టుకోండి, లేకపోతే గంటన్నర పోతుంది.

టీ. డ్యూటీలో ఆఖరి టీ రెండున్నరలోపు. ఒంట్లోకి పోయిన కెఫీన్‌లో సగం దిగడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. ఐదింటికి తోటివాళ్ళతో తాగే ఆ ఆఖరి గ్లాసు మీ ఉదయపు నిద్రను తినేస్తోంది. ఖైనీ, గుడాఖు (పొగాకు పేస్టు) కూడా అంతే. గుడాఖుతో పళ్ళు తోముకుంటే హాయిగా ఉంటుందంటారు కానీ నికోటిన్ మనిషిని లేపే సరుకు.

రెండు ముక్కల నిద్ర. ఏడున్నర నుంచి పన్నెండున్నర దాకా ఒకటి, సాయంత్రం ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా ఇంకొకటి. మీ నాన్నగారి తరం చేసింది ఇదే. రెండో ముక్కను ఎవరూ తాకకూడదు, పిల్లల హోంవర్కు కూడా. సి షిఫ్టు మనిషిని రాత్రంతా కాపాడేది అదే.

చీకటి, చప్పుడు. కిటికీకి పాత నల్ల దుప్పటి మేకులు కొట్టి కట్టండి, కర్టెన్ చాలదు. కళ్ళకు వెలుగు తగిలితే ఒంటి గడియారం పగలైందని లెక్కేసుకుంటుంది. ఫ్యాను చప్పుడు మంచిదే, వీధి చప్పుడును మింగుతుంది. ఈ ఏజెన్సీ జిల్లాల్లో దోమతెర మానకండి, ఉక్కపోత అని తీసేస్తే మలేరియాకు తలుపు తెరిచినట్టే. ఫోన్ మోగకుండా పెట్టి, ఒక్క నంబరుకు మాత్రం అనుమతి ఇవ్వండి.

షిఫ్టుల వరస కూడా చూడండి. ఎ (ఉదయం) తర్వాత బి (మధ్యాహ్నం), బి తర్వాత సి (రాత్రి) అయితే ఒళ్ళు కాస్త తేలిగ్గా సర్దుకుంటుంది, వెనక్కి తిరిగితే కష్టం. మీ యూనియన్‌తో మాట్లాడటానికి పనికొచ్చే విషయం ఇది.

మందు చుక్కతో నిద్రపోయే అలవాటు ఉంటే మానండి. సారా గానీ విస్కీ గానీ తొందరగా పడుకోబెడుతుంది, రెండో సగం నిద్రను చెడగొడుతుంది, గురకను పెంచుతుంది. తెలిసినవాడి షాపులో చీటీ లేకుండా ఆల్‌ప్రజోలాం లాంటి మత్తుమాత్రలు తెచ్చుకోవద్దు. ఆల్‌ప్రజోలాం షెడ్యూల్ హెచ్1 మందు, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ఆప్నియా ఉన్నవాడు అది మింగితే ఊపిరి ఇంకా మందగించొచ్చు.

ఒక పరీక్ష చెప్తాను. ఎ, బి షిఫ్టు వారాల్లో మీకు నిద్ర బాగా పడుతోందా? పడితే తగాదా షిఫ్టుతోనే. ఆ వారాల్లో కూడా వారానికి మూడు రాత్రులైనా నిద్ర పట్టక, మూడు నెలలుగా ఇలాగే సాగుతుంటే అది నిద్రలేమి జబ్బు. దానికి మొదటి వైద్యం మాత్రలు కావు, సీబీటీ-ఐ అనే పద్ధతి. నిద్ర రానప్పుడు మంచం దిగిపోవడం, మంచాన్ని నిద్రకే వాడుకోవడం, నిద్ర గురించిన భయాలను ఒక్కొక్కటిగా పరీక్షించుకోవడం అందులో భాగాలు. మీ ఆవిడ గానీ అమ్మగారు గానీ "పడుకుంటే కాళ్ళు లాగుతాయి, ఊపుతూ ఉండాలనిపిస్తుంది" అంటే అది ఒట్టి చాదస్తం అనుకోకండి. రక్తంలో ఇనుము తక్కువైనప్పుడు అలా ఉండొచ్చు. ఫెరిటిన్ పరీక్ష రాయమని అడగండి.

ఇంతా చెప్పి, రెండో వైపు కూడా చెప్పకపోతే అన్యాయం. నిద్రను చులకన చేసేవాళ్ళు ఒక రకం, దాన్ని నెత్తిన పెట్టుకునేవాళ్ళు ఇంకో రకం. రిటైరైన ఒక బ్యాంకు ఆయనకు కొడుకు స్మార్ట్ వాచీ పంపాడు. రోజూ పొద్దున్నే వాచీ చూసి, గాఢనిద్ర 48 నిమిషాలే అని రోజంతా దిగులు. అంతకుముందు బాగానే ఉండేవాడు. దీనికి 2017లో అమెరికా వైద్యులు ఆర్థోసోమ్నియా అని పేరు కూడా పెట్టారు. గుణుపురం దగ్గర కొండ మీది ఒక సవర తాత నాకు గుర్తు. అర్ధరాత్రి లేచి, నెగడు ఎగదోసి, పొగాకు చుట్టుకుని, కాసేపు కూర్చుని మళ్ళీ పడుకుంటాడు. యాభై ఏళ్ళుగా అంతే. టౌనులో ఉద్యోగం చేసే కూతురు ఆయన్ని నిద్రలేమి అని డిస్పెన్సరీకి తీసుకొచ్చింది. తాతకు ఏ బాధా లేదు, పగలు కునికిపాట్లూ లేవు. పంపించేశాను. 2015లో ఆఫ్రికాలోనూ బొలీవియాలోనూ కరెంటు లేని మూడు తెగల నిద్రను కొలిస్తే ఆరేడు గంటలే తేలింది, వాళ్ళలో రెండు తెగల భాషల్లో నిద్రలేమికి మాటే లేదు. గంటల లెక్క కంటే పగలు మీరెలా ఉన్నారన్నదే నేను చూస్తాను. మీరు బండి మీద నిద్రపోయారు, కాబట్టి మీ సంగతి వేరు.

చివరగా మీ నాన్నగారు. ఆయనతో వాదించకండి. మీకంటే ముందు ఇదే ప్రశ్నతో వచ్చిన ఒక కుర్రాడికి నేను చెప్పింది మీకూ చెప్తాను. వాళ్ళ నాన్న కూడా ఇలాగే, ముప్ఫై ఏళ్ళ సర్వీసు, ముప్ఫై ఏళ్ళ గొప్పలు. "నాన్నా, నాకోసం ఒక డ్యూటీ నువ్వు చెయ్యి" అని అడగమన్నాను. ఉదయం ఏడున్నర నుంచి పన్నెండున్నర దాకా గేటు కాపలా. పెద్దాయన మొదట గునిసినా, రిటైరయ్యాక ఎవరూ ఏ పనీ చెప్పని మనిషి కదా, ఒప్పుకున్నాడు. ఒకరోజు నేను బీపీ చూడటానికి వాళ్ళింటికి వెళ్తే గేటు దగ్గర కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు. నన్ను కూడా ఆపేశాడు. గొంతు తగ్గించి, "మావాడు డ్యూటీలో ఉన్నాడమ్మా, పన్నెండున్నరకి దిగుతాడు" అన్నాడు. లోపల గదిలోంచి గురక వినిపిస్తోంది. మధ్యలో ఆగుతుందేమోనని అక్కడే నిలబడి కాసేపు విన్నాను. ఆగలేదు.

మీ బీపీ ఎంతుందో, మెడ కొలత ఎంతో, గురక ఆగుతోందో లేదో మీ ఆవిడను అడిగి ఇక్కడే రాయండి. మిగతాది అవి చూశాక చెప్తాను.